నాలుగు లేని ఊరు

గొల్లమూడివరం పురపాలక సంఘానికి జపాను నుంచి ఉత్తరమేమీ రాలేదు. వచ్చింది ఒక కబురు మాత్రమే. ఊరి బయట ఖాళీగా పడివున్న ముప్పై ఎకరాల్లో కుట్టుమిషను సూదులు తయారుచేసే జపాను కంపెనీ ఒకటి ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనలో ఉందట. స్థలం చూడడానికి కంపెనీ తరఫున ఒకావిడ వస్తారట. ఎప్పుడొస్తారో కబురు తెచ్చినవాళ్లకు తెలియదు.

ఇంతమాత్రం చాలు, కమిషనర్ పతంజలి గారు సిబ్బందిని సమావేశపరిచారు. ఆయన ఆ నెలలోనే పెట్టుబడులను ఆకర్షించడం మీద రెండు రోజుల శిక్షణ పొంది వచ్చి ఉన్నారు.

"అతిథి మన ఊళ్లో అడుగుపెట్టగానే ఆవిడకు స్వగృహంలో ఉన్న భావన కలగాలి. భావన కలగాలంటే భాష కావాలి. భాష యావత్తూ ఒక్కసారిగా రాదు గనక దశలవారీగా ముందుకు పోదాం. మొదటి దశ, అంకెలు. రేపటి నుంచి మన ఇళ్ల నంబర్లు, వీధుల నంబర్లు, కార్యాలయ రికార్డుల్లోని నంబర్లు సమస్తం జపాను అంకెల్లో ఉండాలి."

"మరి రెండో దశ ఏంటండీ?" అని శానిటరీ ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"మొదటి దశ పూర్తయ్యాక రెండో దశ ఏమిటో నిర్ణయించడానికి ఒక కమిటీ వేస్తాం."

సమావేశంలో చివరి వరసలో కూర్చున్న నూకరత్నం ఇదంతా విని పెద్దగా పట్టించుకోలేదు. ఆమె నాలుగో వార్డు నర్సమ్మ. ఇరవై రెండేళ్ల నుంచి ఆ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేసిన మనిషి. కార్యాలయంలో ఎన్ని కొత్త పథకాలు వచ్చినా చివరికి తను చేయాల్సింది సంచీ భుజాన వేసుకుని గుమ్మం గుమ్మం తిరగడమేనని ఆమె అనుభవం. అయితే గుమ్మం మీది నంబరే మారిపోతుందని ఆమెకు అప్పటికింకా తట్టలేదు.

పట్టణ ప్రణాళికా విభాగంలో ఫణిభూషణ్ అనే యువకుడున్నాడు. సెల్‌ఫోనులో పదకొండు రోజులుగా జపాను భాష నేర్చుకుంటున్నాడు. ఊరు మొత్తం మీద జపాను భాషలో పదకొండు రోజుల అనుభవం ఉన్నవాడు అతనొక్కడే గనక అతన్ని జపాను అంకెల నోడల్ అధికారిగా నియమించారు. మర్నాటి నుంచే సాయంత్రం నాలుగింటికి సమావేశ మందిరంలో తరగతులు మొదలయ్యాయి.

ఫణిభూషణ్ బోర్డు మీద ఒక అడ్డగీత గీశాడు. "ఇది ఒకటి" అన్నాడు. కింద ఇంకో గీత గీసి "ఇది రెండు", ఇంకోటి గీసి "ఇది మూడు" అన్నాడు. సిబ్బంది ముఖాలు వికసించాయి. ఇంత తేలికైన భాషను పట్టుకుని జపానువాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు గొప్పలు పోయారోనని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ ఉత్సాహంలో ఎవరూ నాలుగు దగ్గర ఆగలేదు. గీతలు మాత్రం అక్కడే ఆగాయి. 四 అని ఒక పెట్టె, లోపల రెండు కాళ్లు.

నూకరత్నానికి చదువు కళ్లతో వస్తుంది. తన నోటుపుస్తకంలో ఒక్కో అంకెకూ ఎదురుగా తనకు తోచింది రాసుకుంది. 一 పడుకున్న పాపాయి. 二 పాపాయి, పక్కన తల్లి. 三 తల్లీ, పాపాయీ, సాయం వచ్చిన అమ్మమ్మ. 四 కిటికీకి కట్టిన పరదా. 六 టోపీ పెట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ కానిస్టేబులు. 八 మీసాలు. 十 ఆసుపత్రి గుర్తు. పదీ ఒకటీ పక్కపక్కన పెడితే పదకొండు, రెండూ పదీ పెడితే ఇరవై. వారం తిరిగేసరికి నాలుగో వార్డులోని మూడువందల ఇళ్ల నంబర్లు తడుముకోకుండా చదివేసింది.

తక్కినవాళ్ల సంగతి అలా లేదు. పరీక్షలో వంద రాయమంటే అటెండరు అంజయ్య 百 గుర్తు మరిచిపోయి, సూత్రం ఒకటే కదా అని వంద అడ్డగీతలు గీశాడు. అతను మూడు కాగితాలు తీసుకున్నాడు. ఫణిభూషణ్ స్కేలు పెట్టి ఓపిగ్గా లెక్కించి, తొంభై ఎనిమిదే ఉన్నాయని మార్కు కోసేశాడు. అంజయ్య రీకౌంటింగుకు దరఖాస్తు చేసుకున్నాడు.

ఈలోగా ఇళ్ల గోడల మీద అంకెలు పడ్డాయి. జపాను జెండాకు గౌరవంగా తెల్లని చదరం మీద ఎర్రరంగుతో రాయించారు. రెండు రోజులైనా కాకుండానే ఇబ్బందులు బయటపడ్డాయి. మొదటి వీధిలో ఒకటో నంబరు ఇంటాయన తనకు ఒకటి అచ్చిరాదనీ మూడు కలిసొస్తుందనీ జ్యోతిష్కుడు చెప్పాడని, ఎర్రరంగు తెచ్చుకుని రెండు గీతలు అదనంగా గీసుకున్నాడు. దాంతో ఆ వీధిలో రెండు మూడోనంబరు ఇళ్లు తయారయ్యాయి. అసలు మూడోనంబరువాళ్లు కోపంతో వెళ్లి పాత ఒకటో నంబరు ఇంటి గోడ మీద ఇంకో నిలువుగీత దించారు. కమిషనర్ గారు వెంటనే 'అనధికార గీతల నిరోధక దళం' ఏర్పాటుచేశారు. నలుగురు మనుషులు తడిగుడ్డ పట్టుకుని వీధులు తిరగసాగారు.

పదోనంబరు ఇళ్ల బాధ మరో రకం. తెల్లగోడ మీద ఎర్రటి 十. ప్రతి వార్డులోనూ ఉందది. దగ్గులవాళ్లూ జ్వరాలవాళ్లూ వచ్చి అరుగుల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. మూడో వార్డు పదోనంబరు ఇల్లు సాక్షాత్తూ కమిషనర్ గారిది. ఆయన భార్య సుభాషిణి గారు తలుపు తీసేసరికి ఎదురుగా ఒక ముసలాయన నోరు తెరిచి నాలుక చాపి నిలబడి ఉన్నాడు.

"ఇది ఆసుపత్రి కాదండీ. పది."

"పదింటికి తీస్తారా అమ్మా? కూర్చుంటాను లెండి" అన్నాడాయన.

సుభాషిణి గారు మనసున్న మనిషి. ముసలాయనకు టీ ఇచ్చి, నూకరత్నానికి కబురు పెట్టింది. నూకరత్నం ఆవిడకు థర్మామీటరు చూడడం నేర్పి, జ్వరం మాత్రలు కొన్ని ఇచ్చి, ఏ లక్షణం కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపించాలో ఒక కాగితం మీద రాసిపెట్టి వచ్చింది. రెండో వారానికి సుభాషిణి గారు బీపీ కూడా చూస్తున్నారు. కమిషనర్ గారు ఇంటికి వస్తే వరసలో నిలబడమన్నారు ఎవరో.

అసలు ముప్పు మూడో వారంలో వచ్చింది. ఫణిభూషణ్ తన ఫోనులో నాలుగో పాఠం దాటి ముందుకుపోయి ఒక విశేషం కనిపెట్టాడు.

"సార్, జపానులో నాలుగు అంటే పడదట. ఆ మాట, చావు అనే మాట ఒక్కలాగే వినిపిస్తాయట. కొన్ని ఆసుపత్రుల్లో నాలుగో నంబరు గది కూడా ఉండదట. తొమ్మిదికీ అలాగే, కష్టం అనే మాటతో పోలిక."

పతంజలి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంటే ఇన్నాళ్లూ మనం అతిథి కోసం ఊరంతా చావు, కష్టం అని ఎర్రరంగుతో రాయించామా?"

"తెలిసి చేయలేదు కదండీ."

"ఎంత అప్రతిష్ఠ! తక్షణం ఉత్తర్వులు తయారుచెయ్యి."

ఉత్తర్వులు మధ్యాహ్నానికల్లా తయారయ్యాయి. 'ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయడమేమనగా, అతిథి మనోభావములను దృష్టియందుంచుకొని, పురపాలక పరిధిలో నాలుగు మరియు తొమ్మిది అంకెల వినియోగము తక్షణము నిలుపుదల చేయడమైనది. సదరు అంకెలు గల వార్డులు, గృహములు, రికార్డులు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు లేనట్లుగా పరిగణించవలెను.'

తొమ్మిదో వార్డులో శ్మశానం, చెత్త డంపింగు యార్డు తప్ప ఏమీ లేవు గనక అక్కణ్ణుంచి అభ్యంతరం రాలేదు. నాలుగో వార్డులో మాత్రం పద్నాలుగు వందలమంది మనుషులున్నారు. మర్నాడు వాళ్లకు కుళాయి రాలేదు. లేని వార్డుకు నీళ్లు వదిలితే ఆడిట్‌వాళ్లు ఒప్పుకోరని వాల్వు తిప్పేవాడు చెప్పాడు. చెత్తబండి మూడో వార్డు చివర ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, చుట్టుతిరిగి ఐదో వార్డుకు వెళ్లిపోయింది.

నూకరత్నం టీకాల కోసం స్టోరుకు వెళితే గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "ఏ వార్డని రాయమంటారు నర్సమ్మగారూ? మీ వార్డు లేదు కదా."

"నేనున్నాను కదండీ?"

"మీరుంటారు. మీ పోస్టు ఉంది. వార్డు ఒక్కటే లేదు. రోజూ వచ్చి సంతకం పెట్టి కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు."

"పిల్లలకు టీకాలో?"

"లేని వార్డులో పిల్లలెక్కడుంటారండీ?" అన్నాడు గుమాస్తా, ఇందులో తన తప్పేమీ లేదన్నట్టు చేతులు తిప్పుతూ.

ఆ మధ్యాహ్నం నూకరత్నం జీవితంలో మొదటిసారి కార్యాలయంలో కన్నీళ్లు పెట్టుకుంది, అదీ ఎవరూ లేని రికార్డు గదిలో. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, కొత్త ఇండెంటు రాసింది. వార్డు పేరు రాసేచోట 'మూడు దాటిన వార్డు' అని పెట్టింది. ఉత్తర్వుల్లో దానిమీద నిషేధం లేదు. గుమాస్తా రెండుసార్లు చదివి, దారి దొరికినందుకు తనూ ఊపిరి పీల్చుకుని టీకాలు ఇచ్చేశాడు.

అసలైన చిక్కు సత్యవేణి విషయంలో వచ్చింది. సత్యవేణి నాలుగో వార్డు నలభై తొమ్మిదో నంబరు ఇంట్లో ఉంటుంది. భర్త అబ్బులు ఆటో తోలుతాడు. మొదటి కాన్పు. గర్భిణుల రిజిస్టరులో ఆమెకు ఎనిమిదో నెల నిండింది. తొమ్మిది రాయకూడదు గనక మరుసటి నెల ఆన్‌లైనులో నేరుగా పదికి వెళ్లింది. సరిగ్గా వారానికి నూకరత్నానికి కమిషనర్ గారి సంతకంతో మెమో వచ్చింది. 'సదరు గర్భిణికి పదవ నెల ప్రవేశించి ఏడు దినములు గడిచినను ప్రసవము జరగకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును.'

నూకరత్నం ఆ మెమో తీసుకెళ్లి సత్యవేణికి చదివి వినిపించింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక సత్యవేణి మెల్లగా అడిగింది.

"నర్సమ్మా, నొప్పులొచ్చాక అంబులెన్సుకి ఫోన్ చేస్తే వస్తదా? మా వార్డు లేదంటున్నారు కదా."

"వస్తుందిలే. రాకపోతే నేనొస్తాను."

"ఒట్టు?"

"నేను ఇరవై రెండేళ్ల నుంచి వస్తూనే ఉన్నానుగా అమ్మాయ్!"

మరుసటి మంగళవారం పొద్దున జపాను అతిథి వచ్చారు. ముందు రోజు సాయంత్రమే కబురు అందడంతో కమిషనర్ గారు పెద్దాసుపత్రికి వెళ్లే రోడ్డుకు అడ్డంగా స్వాగత తోరణం కట్టించడం మొదలుపెట్టారు. వెదురుబొంగులు, తాళ్లు, నిచ్చెనలతో రోడ్డు మూసుకుపోయింది. అతిథిని ముందుగా టిఫినుకు తన ఇంటికి తీసుకెళ్లారు.

సరిగ్గా ఆ వేళకే సత్యవేణికి నొప్పులు తగిలాయి. అబ్బులు పురపాలక అంబులెన్సుకు ఫోను చేశాడు. ఏ వార్డని అటువైపు గుమాస్తా అడిగాడు. అబ్బులు నాలుగు అన్నాడు. ఆ వార్డు తెర మీద చూపించడం లేదని గుమాస్తా చెప్పాడు. అబ్బులు ఇంకేదో అనబోయేలోపు పక్కింటివాళ్లు పంపిన కబురందుకుని నూకరత్నం చేతిలో సంచీతో రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. సత్యవేణిని ఒక్కసారి చూసింది.

"ఫోను పక్కన పడేసి ఆటో తియ్యి అబ్బులూ."

ఆటో మూడు వీధులు దాటి తోరణం దగ్గర ఆగిపోయింది. నిచ్చెన మీదివాడు పదిహేను నిమిషాలు పడుతుందన్నాడు. సత్యవేణి నూకరత్నం చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. పదిహేను నిమిషాలు లేవని నూకరత్నానికి తెలుసు. తల తిప్పి చూసింది. వీధి మలుపులో తెల్లగోడ మీద ఎర్రటి 十 కనిపించింది.

"ఆ ఎర్రగుర్తు ఇంటికి తిప్పు."

"అది ఆసుపత్రి కాదు కదండీ! కమిషనర్ గారి ఇల్లు!" అన్నాడు అబ్బులు.

"నెల రోజుల నుంచి ఊరంతా ఆసుపత్రే అనుకుంటోంది. ఇవాళ్టికి మనమూ అనుకుందాం. తిప్పు!"

కమిషనర్ గారి హాల్లో పెసరట్లు వడ్డించి ఉన్నాయి. అతిథి హనాఓక గారు అరవై ఏళ్ల సన్నటి మనిషి, మోచేతిదాకా మడిచిన తెల్ల చొక్కా వేసుకున్నారు. ఆవిడ తెలుగులో 'నమస్కారము, కొంచెము చట్నీ' అనేసరికి ఫణిభూషణ్ తను సిద్ధంచేసుకున్న జపాను వాక్యం మింగేశాడు. పతంజలి గారు స్వాగతోపన్యాసం మొదటి పేజీలో ఉండగా తలుపు దభాలున తెరుచుకుంది.

"ఏమిటిది? అతిథి ఉన్నారు!" అన్నారాయన.

"అతిథే వస్తోందండీ, ఇంకొకరు" అంది నూకరత్నం, సత్యవేణిని నడిపిస్తూ.

సుభాషిణి గారు గబగబా లేచారు. దివాను మీది పూలదుప్పటి లాగిపారేసి పాత నూలుచీరలు పరిచారు, వంటింట్లో నీళ్లు పెట్టారు, భర్త చేతిలోని ఉపన్యాసం తీసి పక్కన పెట్టి ఆయన్ను వరండాలోకి పంపించారు. ఫణిభూషణ్ అంతకుముందే వరండాలో ఉన్నాడు. హనాఓక గారు సబ్బుతో మోచేతులదాకా చేతులు కడుక్కుని వచ్చి సత్యవేణి తల దగ్గర కూర్చున్నారు. "నాకు ఇద్దరు కుమార్తెలు. చేయి పట్టుకొనుము. గట్టిగా పట్టుకొనినను ఫరవాలేదు" అన్నారు.

సత్యవేణి గట్టిగానే పట్టుకుంది.

తర్వాత అరగంటసేపు ఆ హాల్లో వినిపించింది ఒక్క నూకరత్నం గొంతే. "అంతే అమ్మాయ్... ఊపిరి తీసుకో... ఇప్పుడు... ఇంకొక్కసారి..." వరండాలో అబ్బులూ కమిషనర్ గారూ ఒకే బెంచీ మీద, ఒకే భయంతో కూర్చున్నారు. పతంజలి గారికి పిల్లలు లేరు. ఏడుపు వినిపించగానే ఆయన తనకు తెలియకుండానే అబ్బులు భుజం పట్టుకున్నారు.

ఆడపిల్ల. మూడు కిలోలకు కాస్త తక్కువ. పొడుగాటి వేళ్లు. నూకరత్నం బిడ్డను తుడిచి సత్యవేణి గుండెల మీద పడుకోబెట్టి, గోడకు చేరగిలబడి కూర్చుంది. 

హనాఓక గారు గడియారం చూసి తన చిన్న పుస్తకంలో పుట్టిన వేళ రాసి, కాగితం చింపి సత్యవేణి పక్కన పెట్టారు. లోపలికి వచ్చిన పతంజలి గారు దాన్ని తీసి చూశారు. ౯-౪౪ అని ఉంది. ఆయన దాన్ని నిలువుగా, అడ్డంగా తిప్పి చూసి ఫణిభూషణ్‌కిచ్చారు.

"ఇదేమిటి?"

ఫణిభూషణ్ కళ్లు చిట్లించాడు. "ఇది సామాన్య కంజి లిపి కాదండీ. చాలా ప్రాచీనమైనది. రాజవంశాలవాళ్లు వాడేది అయ్యుంటుంది."

"కాదు. ఇవి తెలుగు అంకెలు" అన్నారు హనాఓక గారు నెమ్మదిగా. "తొమ్మిది గంటల నలభై నాలుగు నిమిషములు. ఇక్కడికి వచ్చుచున్నాను గనుక నేర్చుకుంటిని. తప్పు వ్రాసితినా?"

హాల్లో ఆరుగురు తెలుగువాళ్లున్నారు. తప్పో ఒప్పో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. పంచాంగంలో ఎప్పుడో చూసినట్టుందని సుభాషిణి గారన్నారు. నూకరత్నం ఆ కాగితం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. జపాను అంకెలు వారంలో నేర్చుకున్న తనకు, తన భాషలో నాలుగు ఎలా ఉంటుందో ఈ వయసుదాకా తెలియలేదు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే నవ్వొచ్చింది.

పతంజలి గారు గొంతు సవరించుకున్నారు. "మేడమ్, నాలుగూ తొమ్మిదీ తమకు అశుభం కదా? ఆ మేరకు మేము సమగ్ర చర్యలు..."

"కొందరికి అశుభము. మా ఇంటి సంఖ్య నాలుగు. ముప్పై సంవత్సరముల నుండి ఉన్నాను. పైకప్పు కొంచెము కారును, అంతే."

"ఆ నాలుగు గోడ మీద ఇలాగే ఎర్రరంగుతో రాస్తారా?" అని ఫణిభూషణ్ ఆశగా అడిగాడు.

"లేదు. మామూలు 4 వ్రాయుదుము. పోస్టుమ్యాన్‌కు తెలియవలెను కదా. మీరు ఈ గీతలు ఎందుకు వ్రాసినారు? మీ ఊరి ఆచారమేమో అనుకుంటిని."

దానికి కమిషనర్ గారు చెప్పిన జవాబు ఎవరికీ వినిపించలేదు. అదే సమయంలో పాప మళ్లీ ఏడ్చింది.

ఆ సాయంత్రమే మరో ఉత్తర్వు వెలువడింది. నాలుగో వార్డు ఎన్నడూ రద్దు కాలేదనీ, కేవలం పరిశీలనలో ఉండినదనీ, పరిశీలన సంతృప్తికరంగా ముగిసిందనీ అందులో ఉంది. ఆరు గంటలకు కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. ప్రసవం ఎందుకు జరగలేదో చెప్పమన్న మెమోకు నూకరత్నం 'జరిగినది. స్థలము: తమరి హాలు' అని జవాబు రాసింది. ఆ ఫైలు మీద ఇంతవరకూ ఎవరూ సంతకం చేయలేదు.

సూదుల ఫ్యాక్టరీ చివరికి పక్క జిల్లాకు వెళ్లింది. ముప్పై ఎకరాల్లో నేల మెత్తన అని మట్టి పరీక్షలో తేలిందట. దానికీ అంకెలకూ ఏ సంబంధమూ లేదని కంపెనీవాళ్లు మర్యాదగా రాశారు. కమిషనర్ గారు మాత్రం దిగులుపడలేదు. విదేశీ వనితకు వచ్చిన తెలుగు అంకెలు స్వదేశీ సిబ్బందికి రాకపోవడం సిగ్గుచేటని గుర్తించి, పదిహేను రోజుల్లో ఊరంతా తెలుగు అంకెలు అమలులోకి రావాలని ఆదేశించారు. నోడల్ అధికారిగా ఫణిభూషణ్‌నే కొనసాగించారు. అతనికి అప్పటికే అంకెల్లో అనుభవం ఉంది.

నెలన్నర తర్వాత నూకరత్నం పాపకు టీకా వెయ్యడానికి వెళ్లేసరికి, అతను సత్యవేణి ఇంటి గోడ ముందు రంగుడబ్బా, కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. సున్నం వేసిన చదరం తెల్లగా ఆరి ఉంది. చేతిలో కాగితం చూస్తాడు, గోడ చూస్తాడు, కుంచె ఎత్తుతాడు, దించుతాడు.

"నర్సమ్మగారూ, ఈ తోక పైకి పోవాలా, కిందికా?"

"నన్నడుగుతావేంటయ్యా, నేనూ ఇప్పుడే నేర్చుకుంటున్నాను. ఇలా ఇవ్వు, కలిపి చూద్దాం."

సత్యవేణి పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కాగితం మీద వేళ్లతో సున్నాలు చుడుతూ ఉంటే కాసేపు చూసింది.

"ఏదైనా రాయండి బాబూ, మాకు పర్లేదు" అంది. "ఈసారి మమ్మల్ని మాత్రం చెరిపెయ్యకండి."

ఫణిభూషణ్ కుంచె డబ్బాలో పెట్టేశాడు. ఆమెకేసి చూడలేక పాపకేసి చూశాడు. తర్వాత కుంచె మళ్లీ తీసి, రంగు అంచుకు ఒత్తి, ఎంతో జాగ్రత్తగా, ఆరంగుళాల ఎత్తున నాలుగు దిద్దడం మొదలుపెట్టాడు.